తల కొలత

"ఉన్ని దారం తీసి పసివాడి తల చుట్టూ కొలిచాడమ్మా. కొలత దగ్గర ముడేసుకుని, సంచిలో పెట్టుకుపోయాడు" అంది దాది బోద్వా.

ఒళ్లో నిద్రపోతున్న ఏడాది కొడుకు మాబోను సెనోవర గుండెకు హత్తుకుంది.

"నువ్వు చూస్తూ ఊరుకున్నావా?"

"రాజుగారి మనిషాయె. ఎందుకయ్యా అంటే, 'రాజుగారే వస్తారుగా, అప్పుడు చూద్దువులే' అని నవ్వాడు."

సెనోవర అరచేత్తో మాబో తలను కప్పుకుంది. శత్రువుల తలలను దేవదారు నూనె పోసిన పెట్టెల్లో దాచుకోవడం బ్రిటన్ తెగల రాజులకు తాతల నాటి ఆచారం. ఆమె భర్త తల కూడా కాతువిర్ రాజు కొలువులో అలాంటి పెట్టెలోనే ఉంది. రాజూ, ఆమె భర్తా అన్నదమ్ములే, ఒక తల్లి పాలు తాగినవాళ్లే. గద్దె మాత్రం ఒక్కటే.

"మొన్న చలికాలం జ్వరానికి రాజుగారి కొడుకులిద్దరూ పోయారు కదమ్మా. మనసు కరిగిందేమో."

"తన ఇంట్లో దీపం ఆరినవాడు నా ఇంట్లో దీపం చూసి ఓర్చుకుంటాడా?"

కొండకోట దిగువన కొమ్ముబూర మోగింది. రాజు వాగు దాటుతున్నాడు.

సెనోవర లేచి, గొర్రెల ఉన్ని తీసే కత్తెర అందుకుంది.

"ఏం చేస్తున్నావు తల్లీ?"

"అవిటివాడు గద్దెక్కితే భూమి పండదంటారు. ఒక్క వేలు లేకపోయినా అవిటే. గద్దెకు పనికిరాని తల ఎవరికి కావాలి? వాడి చెయ్యి పట్టుకో."

"నా వల్ల కాదమ్మా. వీడి గోళ్లు తీయాలన్నా నాకు చేతులు వణుకుతాయి."

"నాకు మాత్రం వణకవా? పట్టుకో."

మాబో కెవ్వుమన్నాడు. ఊపిరి అందక నీలమైపోయి, మళ్లీ ఏడ్చాడు. ఆ ఏడుపు వినబడ్డాకే సెనోవరకు తన ఊపిరి తిరిగింది. చిటికెన వేలు ఉన్న చోట తేనె అద్ది, మెత్తని గుడ్డ చుట్టి, బిడ్డను రొమ్ముకు వేసుకుంది.

కాసేపటికి కాతువిర్ లోపలికొచ్చాడు. మనిషి సగమయ్యాడు. దగ్గుతెర ఆగేదాకా గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. చంకలో చిన్న చెక్కపెట్టె ఉంది.

"బాగున్నావా మరదలా?"

"ఉన్నాను బావగారూ. ఆ పెట్టె తెరవకముందు వీడి చెయ్యి చూడండి." గుడ్డ విప్పింది. "అవిటివాడు. గద్దె ఊసు వీడికిక లేదు. తల వదిలేయండి."

రాజు వంగి ఆ చిన్న చేతిని చూశాడు.

"ఎప్పుడైంది ఇది?"

"ఇప్పుడే. మీ బూర విన్నాక."

కాతువిర్ నేలమీద కూలబడ్డాడు. పెట్టె జారిపడి, మూత ఊడింది.

అందులో పసివాడి తలకు సరిపోయే బంగారు కిరీటం ఉంది.