చుట్టుకి మీటరు

జహారాకి తండ్రి మీద పెద్ద ఫిర్యాదులేమీ లేవు. అందరూ గౌరవంగా పాక్ అని పిలిచే దెరిస్ సిగరెట్టు ముట్టడు, ఎవరితోనూ తగువు పడడు, కూతురు రోజూ స్కూటర్ ఇంజను ఆపకుండానే గుమ్మంలో పెట్టి వెళ్ళే కూరకి వంక పెట్టడు. ఒక్కటే చిక్కు. ఆయన గాలం చుట్టడం మొదలుపెట్టాడంటే, తగులుకున్న చేప పైకి వచ్చేలోగా వయసు మీరి చచ్చిపోతుంది.

ఇప్పుడూ అదే జరుగుతోంది. గాలాలు ఎత్తమని సరంగు అవాంగ్ కేకేశాడు. పడవలో అందరూ ఎత్తేశారు. వెనక అంచున కూర్చున్న పాక్ దెరిస్ మాత్రం రెండు వేళ్ళతో రీలు పిడి పట్టుకుని, నిద్రపోతున్న పసిపిల్ల ఉయ్యాల ఊపినట్టు తిప్పుతున్నాడు.

“పాక్, మీరు గాలం లాగుతున్నారా, సముద్రం అడుగుని చాపలా చుట్టి తెస్తున్నారా?” అన్నాడు అవాంగ్.

“నత్త కూడా ఈయన్ని చూసి హారన్ కొట్టి దాటిపోతుంది,” అన్నాడు ఐసుపెట్టె మీద కూర్చున్న రొస్లీ.

అందరూ నవ్వారు. అందరికన్నా ఎక్కువసేపు నవ్వింది పాక్ దెరిసే.

అవాంగ్ నవ్వడం మానేసి జహారా వైపు తిరిగాడు. “చూడమ్మా, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేట వేసింది. పోటు ఉండగానే దాటాలి. మీ నాన్న పుణ్యమా అని పోయిన వారం చీకటి పడేదాకా బయటే పడున్నాం. ఇవాళా అంతే అయితే, వచ్చే శుక్రవారం ఆయన్ని ఎక్కించుకోను. ఇక నా వల్ల కాదు.”

నీళ్ళలో ఒక్క దారం ఉన్నా మరాంగ్ రేవు పడవలు ఇంజను వేయవు. ఒకరి దారం ఇంకొకరు కోయడమంటే, తింటున్నవాడి ముందు కంచం లాగెయ్యడమే.

జహారా పడవెక్కింది ఈ గొడవ తీర్చడానికే. తప్పంతా పాత రీలుదని తేల్చుకుని, షాపులో ఉన్నవాటిల్లోకెల్లా వేగమైనది కొనిచ్చింది. ఇప్పుడు తండ్రి పక్కన గొంతుక్కూర్చుంది.

“అబా, ఇది మీ పాతది కాదు. పిడి ఒక్క చుట్టు తిప్పితే మీటరు పైన దారం వస్తుంది. కాస్త చకచకా తిప్పండి.”

“అదే దీనికున్న రోగం. వేగం ఉన్నదానికి బలం ఉండదు. పైపైన తిరిగే చేపకైతే సరే. ఇంత లోతు నుంచి బరువు లాగాలంటే నెమ్మదిదే కావాలి. సైకిల్ మీద గుట్ట ఎక్కేవాడు…”

“మీరు గుట్ట ఎక్కడం లేదు, రీలు తిప్పుతున్నారు.”

“తొందరగా లాగితే లోతు చేపకి పొట్ట నోట్లోంచి బయటికొస్తుంది. పాపం కాదూ?”

“అసలు చేప పడిందా?”

“పడొచ్చు,” అన్నాడాయన.

పొద్దున్నుంచీ ఆయనకి ఒక్కటీ పడలేదు. ఎరకని జహారా కోసిచ్చిన స్క్విడ్ ముక్కలు డబ్బాలో అలాగే ఉన్నాయి. ఈ వయసులో కొత్తగా పిసినారితనం ఒకటి, అనుకుంది.

అవాంగ్ నడుం దగ్గరి ఒరలోంచి కత్తి తీశాడు. “ఏమీ అనుకోకండి పాక్. కోసేస్తాను.”

నవ్వులు ఆగిపోయాయి. పాక్ దెరిస్ చెయ్యి కూడా ఆగిపోయింది. “వద్దురా,” అన్నాడు, ఇంజను ఆగి ఉన్నా వినబడనంత చిన్నగా.

“ఆగండి అన్నా! నేను చుట్టేస్తాను.” జహారా గాలం కర్ర లాక్కుని, కాళ్ళు అంచుకి తన్నిపెట్టి, పిడి గిరగిరా తిప్పింది. పెద్ద బరువేమీ లేదు. చూస్తుండగానే సీసం గుండు పైకొచ్చి కర్ర కొసకి ఠక్కున తగిలింది.

దాని కింద ఏమీ లేదు.

“గాలం ముల్లేదీ? చేప కొరికేసిందా?” అన్నాడు రొస్లీ.

అవాంగ్ దారం కొస పట్టుకుని చూశాడు. “తెగలేదు. అసలు కట్టనేలేదు.”

కొస వదిలేసి పాక్ దెరిస్ వైపు తిరిగాడు.

“ఎన్నాళ్ళుగా పాక్, ఇలా?”

“మా ఆవిడ పోయినప్పట్నించీ.” పాక్ దెరిస్ అరచేతులు లుంగీకి తుడుచుకున్నాడు. “ముల్లు కడితే చేప పడుతుంది. పడితే గబగబా లాగమంటారు. లాగేస్తే పడవ ఇంటికి పోతుంది. రేవులో దిగీ దిగగానే ఎవరిళ్ళకి వాళ్ళు పరిగెడతారు మీరు. నేను పోయి తలుపు తీస్తే, పొద్దున నేను తాగి పెట్టిన గ్లాసు పెట్టినచోటే ఉంటుంది. పిల్లి కూడా పక్కింటికి మారిపోయింది.”

కత్తి ఎక్కడ పెట్టాలో తోచనట్టు కాసేపు చేతిలోనే ఉంచుకున్నాడు అవాంగ్. “అయితే ఇవాళ మరీ ఇంత నెమ్మదిగా చుట్టడమేంటి? పోయిన వారమే నయం.”

“ఇవాళ పడవలో ఇది కూడా ఉందిగా,” అన్నాడు పాక్ దెరిస్, కూతురి వైపు చెయ్యి చూపించి.

అవాంగ్ కత్తిని ఒరలో పెట్టాడు. ఒడ్డు వైపు చూశాడు, ఇంజను వైపు చూశాడు. “మొగ ఎక్కడికీ పారిపోదులే,” అని ఫ్లాస్కు మూత తిప్పాడు.

జహారా సీసం గుండుని మళ్ళీ నీళ్ళలోకి జారవిడిచింది. దారం అడుగుకంటా దిగేదాకా ఆగి, కర్ర తండ్రి చేతికిచ్చి, ఆయన పక్కన చతికిలబడింది.

“తప్పు నాదే అబా,” అంది. “ఇంతకన్నా నెమ్మదిగా తిరిగే రీలు కొనాల్సింది.”