గాలి కరెంటు

మూడో అంతస్తులో తలుపు ఓరగా తెరిచి ఉండటం చూసి ఒరెస్తేకి ప్రాణం లేచొచ్చింది. సముద్రపు ఒడ్డునున్న బారీ నగరంలో ఒంటరి ముసలివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, మాయమాటలు చెప్పి వాళ్ళ కరెంటు ఒప్పందాలు తన కంపెనీకి మార్పించడం అతని వృత్తి. మారిన మరునెల నుంచే బిల్లు రెట్టింపవుతుంది. ఆ ముక్క ఒక్కటీ మింగేస్తాడు.

తలుపు మీద ‘ఇమ్మకొలాతా’ అని పేరుంది. లోపల అరవై దాటిన ఒకావిడ సూట్‌కేసు జిప్పు పట్టక అవస్థ పడుతోంది.

"ఇమ్మకొలాతా గారూ, కరెంటువాళ్ళమండీ! మీ పాత ఒప్పందం ఇవాళ్టితో ఆఖరు. కొత్తది తీసుకోకపోతే సాయంత్రానికి చీకటే!"

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసి, నవ్వింది. "అయ్యో, లోపలికి రా నాయనా. ఏమేం ఉన్నాయి నీ దగ్గర?"

"రెండు రకాలమ్మా. ఒకదానికి ధర నెలనెలా మారుతుంది. రెండోది ఎండతో, గాలితో తీసిన కరెంటు. ధర మూడేళ్ళు కదలదు."

"గాలి ఆగిపోతేనో?"

"బారీలోనా? సముద్రం ఊరుకుంటుందా అమ్మా!"

"మాటకారివే! సరే, గాలిదే రాసెయ్యి."

ఇంత తేలిగ్గా ఇంతవరకూ ఎవరూ పడలేదు. మీటరు నంబరు కోసం పాత బిల్లు అడిగాడు.

"ఎక్కడ పెట్టి చచ్చానో! నువ్వు వంటింట్లో చూడు, నేను పడగ్గదిలో చూస్తా" అంది. కాసేపటికి లోపలినుంచి కేక. "నాయనా, ఈ బీరువా తాళంచెవి కూడా కనబడటం లేదు. కాస్త తెరుద్దూ!"

ఒరెస్తే వంటింటి కత్తితో తాళం పీకేసి, మళ్ళీ వెతుకులాటలో పడ్డాడు. బిల్లు చివరికి రొట్టెల డబ్బా కింద దొరికింది. ఆవిడ చదవకుండానే సంతకం గీకేసింది.

"చెల్లెలింటికి పోతున్నా, కింద టాక్సీ ఆగి ఉంది. ఈ పెట్టె కాస్త దించిపెడతావా?"

"బాబోయ్! ఏం పెట్టారమ్మా, రాళ్ళా?"

"ఆలివ్ నూనె నాయనా. చెల్లెలికి ఇష్టం."

టాక్సీ ఎక్కుతూ ఆవిడ అతని బుగ్గ గిల్లింది. "కడుపున పుట్టినవాడు కూడా ఇంత చెయ్యడు!"

పొద్దున్నే ఎవరి ముఖం చూశానో అనుకుంటూ ఒరెస్తే వెనక్కి తిరిగాడు. చేపల సంచితో మరో ముసలావిడ మెట్ల దగ్గరికి వస్తోంది. అదృష్టం వరసకట్టింది!

"అమ్మా, గాలి కరెంటు తీసుకోండి. నా మాట నమ్మొద్దు, మీ మూడో అంతస్తు ఇమ్మకొలాతా గారిని అడగండి! ఇదిగో ఆవిడ సంతకం. ఆవిడ పెట్టె కూడా ఇప్పుడే నా చేతుల్తో టాక్సీ ఎక్కించాను."

ముసలావిడ సంతకం కేసి చూసింది. అతని కేసి చూసింది. సంచి కింద పడేసి అతని కాలరు గట్టిగా పట్టుకుంది.

"ఏ ఇమ్మకొలాతారా? ఆ ఇంటి ఇమ్మకొలాతాని నేనే!"