రాజవ్వ కత్తి

"నేను పోను. అనసూయనే తోల్కపొమ్మను మీ నాయినను," అంటూ లక్ష్మీకాంతమ్మ చేతిలోని బొమ్మల పుస్తకాన్ని మంచం మీదకు విసిరేసింది.

కూతురు భవిత గబుక్కున గడియారం వైపు చూసింది. ఇవాళే నామినేషన్లకు ఆఖరి రోజు. మూడింటికల్లా షామీర్‌పేట మండలాఫీసులో కాగితం పడకపోతే ఇక అంతే సంగతులు. సర్పంచ్ సీటు ఈసారి ఆడవాళ్లకు వచ్చింది. పేరు పెళ్లానిది, పెత్తనం మొగుడిది కావడం చుట్టుపక్కల ఊళ్లన్నింటా ఉన్నదే. కానీ నిలబడితే కుర్చీలో తానే కూర్చుంటానని లక్ష్మీకాంతమ్మ నిన్న పెద్దమనుషుల ముందరే తేల్చి చెప్పింది. ఆమె భర్త నరసింహకు అది మింగుడుపడలేదు. జీపు బయల్దేరే వేళకు వచ్చి కూర్చుంటే సరే, లేకపోతే తమ్ముడి భార్య అనసూయ ఉండనే ఉంది, చెప్పినచోట సంతకం పెడుతుంది అన్నాడు. ఆ జీపు ఇప్పుడు వాకిట్లో గుర్రుమంటోంది. అనసూయ పట్టుచీర కట్టుకుని అప్పుడే ఎక్కి కూర్చుంది కూడా.

ఇంత చేసింది ఆ పాడు పుస్తకం. మేడ మీది వాటాలో అద్దెకుండే బుల్లిబాబుగారు జీడిమెట్లలో ఇంజనీరు. వాళ్ల ఫ్యాక్టరీకి మిషన్లు బిగించడానికి వచ్చిన జపాన్ ఆయన వెళ్తూ వెళ్తూ ఒక సంచెడు బొమ్మల పుస్తకాలు వదిలిపోతే, బొమ్మలు వేసే పిల్ల కదా అని తెచ్చి భవితకు ఇచ్చాడు. సంచి నిండా ఒకటే కథ. ఏళ్ల తరబడి సాగిన సీరియల్ కాబోలు. కోడిగీతల్లాంటి ఆ అక్షరాలు ఇక్కడ ఎవరికొస్తాయి? అదే మేలయింది. బడి ముఖం చూడని తల్లీ, డిగ్రీ చదివే కూతురూ సమానమైపోయారు. ఒక పుస్తకం చివరి బొమ్మ ఇంకో పుస్తకం మొదటి బొమ్మతో కలిసేలా వరుస పేర్చుకుని, ఎండాకాలమంతా బొమ్మలు చూస్తూ కథ నడిపించుకున్నారు.

కథానాయికకు రాజవ్వ అని పేరు పెట్టింది లక్ష్మీకాంతమ్మే. మొదటి బొమ్మలోనే గుర్రం మీద ఉంటుంది. వెనక ఇంత సైన్యం, చేతిలో కత్తి, చెంప మీద గాటు. ఆ బొమ్మ చూసి లక్ష్మీకాంతమ్మ ఎంత మురిసిపోయిందో చెప్పలేం. నిన్న పెద్దమనుషుల ముందు ఆమెకు మాట పెగిలిందంటే రాజవ్వ చలవే.

కానీ పోనుపోను రాజవ్వ నీరుగారిపోయింది. ముందు సైన్యం పోయింది, తర్వాత గుర్రం పోయింది. కుర్రకుంకల చేతుల్లో కూడా ఓడిపోవడం మొదలుపెట్టింది. భవితకు ఒళ్లు మండిపోయేది. తల్లి మాత్రం ఆఖరి పుస్తకంలో మళ్లీ లేస్తుంది చూడు అని సర్దిచెప్పేది. తీరా ఈ పొద్దున ఆఖరి పుస్తకం తెరిస్తే, రాజవ్వ ఆ ఉన్న ఒక్క కత్తినీ ఎవరో ముసలాయన చేతిలో పెట్టేసింది. చిట్టచివరి బొమ్మలో చీపురు పట్టుకుని, ఎవరిదో వాకిలి ఊడుస్తూ ఏడుస్తోంది.

"గంత పెద్ద రాజవ్వకే ఆఖరుకు చీపురు దక్కింది. ఇగ నేనెంత బిడ్డా?" అంది లక్ష్మీకాంతమ్మ.

"అది కథమ్మా. గీసినోనికి చాతకాలె. చెంప మీద గాటు గూడ మర్సిపోయిండు సూడు. వాని చేతులిరగ, వాడు చెడగొడితే నువ్వెందుకు ఆగుతవ్?"

లక్ష్మీకాంతమ్మ మూలనున్న చీపురు తీసుకుని అరుగు ఊడవడానికి వెళ్లిపోయింది. నరసింహ జీపు దిగకుండానే, వస్తదా రాదా, టైమైతాంది అని కేకేశాడు. ఐదు నిమిషాలు ఆగమని భవిత బతిమాలింది. హారన్ గట్టిగా మోగింది. ఏంచేయాలో తోచక భవితకు ఏడుపొక్కటే తక్కువైంది.

సరిగ్గా అప్పుడు బుల్లిబాబుగారు మెట్లు దిగి వచ్చాడు. జపాన్ ఆయన మళ్లీ వచ్చాడని, పుస్తకాలు అడుగుతున్నాడని, ఇచ్చినవి తిరిగి అడగడానికి మొహమాటంగా ఉందని నసిగాడు. ఉన్న కోపమంతా భవిత ఆయన మీద చూపించింది.

"తీస్కపోండి అంకుల్. గీ దిక్కుమాలిన కథ ఎట్ల సదివిండో ఆయన. మహారాణి తీరున్నదాన్ని తెచ్చి ఆఖరుకు పనిమనిషిని జేసిండ్రు."

"పనిమనిషినా? ఏదీ, చూడనీ," అంటూ బుల్లిబాబుగారు మంచం మీది పుస్తకం అందుకున్నాడు. కళ్లజోడు సర్దుకుని దాన్ని తిరగేసి, వెనక అట్ట తెరిచాడు. అక్కడే ఉంది, చీపురు పట్టుకున్న రాజవ్వ.

"నాకు జపాన్ భాష రాదు కానీ, ఆయన క్యాంటీన్‌లో చదువుతుంటే రోజూ చూసేవాణ్ణి. వాళ్లు మనలా కాదమ్మా, కుడి నుంచి తిప్పుతారు. మనకి చివరి అట్ట వాళ్లకి మొదటి అట్ట. మీరు సంచి మొత్తం వెనక నుంచి చూసుకొచ్చారు," అన్నాడు ఆయన నవ్వుతూ. "ఈ ఊడుస్తున్న పిల్లతోనే కథ మొదలు."

అరుగు మీద చీపురు చప్పుడు ఆగిపోయింది. భవిత తలెత్తి చూసేసరికి లక్ష్మీకాంతమ్మ చెప్పులైనా వేసుకోకుండా జీపు దగ్గర నిలబడి ఉంది.

"జర దిగు చెల్లె," అంటోంది అనసూయతో. "గా సీటు నాది."