నాన్న కారు రోడ్డెక్కిన రోజు

స్పానరు చిన్నవాడి చెవి పక్కగా దూసుకుపోయి గోడకు తగిలింది. సున్నం పెచ్చు ఊడి పడింది.

"గురి తప్పింది," అన్నాడు చిన్నవాడు, బానెట్ కింద నుంచి తల ఎత్తకుండానే. "చిన్నప్పుడూ అంతే నీది."

"రెండోది తప్పదు," అన్నాడు పెద్దవాడు.

అమ్మ వచ్చి స్పానరు తీసి, కొంగుతో తుడిచి, సైజు చూసి దాని చోట దాన్ని పెట్టింది. ముప్పై ఏళ్లు మొగుడికి ఇదే షెడ్డులో పనిముట్లు అందించిన చెయ్యి.

షెడ్డు మధ్యలో, చెక్కదిమ్మల మీద, నాన్న కారు. అన్నదమ్ములిద్దరూ పుట్టకముందు కొన్నది. పోయేముందు నాన్న ఇద్దర్నీ మంచం దగ్గరికి పిలిచి ఒకే మాట చెప్పాడు. "ఇద్దరూ కలిసి దాన్ని రోడ్డెక్కించండి. ఆ తర్వాతే ఇల్లు అమ్ముకుని ఎవరి దారి వాళ్లు చూసుకోండి."

అప్పటికే వాళ్లకు మాటల్లేవు. ఒకడు తూర్పంటే ఇంకొకడు పడమర. కానీ పోయే మనిషికి మాటిచ్చారు. అందుకే ఆదివారం వచ్చిందంటే ఊరికి ఆ చివర నుంచి ఒకడు, ఈ చివర నుంచి ఒకడు వచ్చి షెడ్డులో దూరేవారు. మొహాలు చూసుకోకుండా పని చేసేవారు. చూసుకుంటే కొట్టుకునేవారు.

పెద్దవాడు నాన్న ఇంజను మీద ఈగ వాలనిచ్చేవాడు కాదు. పిస్టన్లకు కొత్త రింగులు వేసి, వాల్వులు నూరించి, ఆ పాతదానికే ప్రాణం పోశాడు. చిన్నవాడికి కొత్తవి కావాలి. ముందు చక్రాల డ్రమ్ము బ్రేకులు పీకేసి డిస్కులు బిగించాడు. నాలుగు గేర్ల పెట్టె తీసి ఐదు గేర్లది దింపాడు.

"నాన్న కారుకి పరాయి పేగులు కుడుతున్నావురా."

"నాన్న ఉంటే ఆయనే కుట్టేవాడు. నీలాగా శవానికి పౌడరు రాస్తూ కూర్చునేవాడు కాదు."

ఏడాదిలో అవ్వాల్సిన పని మూడేళ్లు సాగింది. ఈ ఆదివారం కుదిరింది పై ఆదివారానికి చెడేది. ఒకసారి కార్బురేటర్ జెట్టులో దారప్పోగు. ఒకసారి రేడియేటర్ గొట్టానికి సన్నటి గాటు.

"నడివారంలో దొంగచాటుగా వచ్చి చెడగొడుతున్నావు కదూ?" అని పెద్దవాడు తమ్ముడి కాలరు పట్టుకునేవాడు.

"దొంగే దొంగా దొంగా అని అరిచాడట! నువ్వు రావడం లేదని ఏంటి నమ్మకం? అమ్మనడుగు."

"ఎవరూ రాలేదురా," అనేది అమ్మ. "ఒట్టు. వారం పొడుగునా ఈ గుమ్మం తొక్కినవాళ్లే లేరు."

"వెనకేసుకురా, నీ చిన్నకొడుకుని!"

అలాంటి ఒక ఆదివారం చిన్నవాడి పన్ను రాలింది. ఇంకో ఆదివారం బానెట్ మూత పెద్దవాడి వేళ్ల మీద పడింది. పడిందో, పడేశాడో. రెండు గోళ్లు ఊడొచ్చాయి. అమ్మ ఏడుస్తూనే ఇద్దరికీ కట్లు కట్టేది. ఇద్దరికీ ఒకే బల్ల మీద ఎదురెదురుగా భోజనం పెట్టేది.

చివరికి ఒక ఆదివారం చెయ్యడానికి పనేమీ మిగల్లేదు. ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది.

"ఎక్కు," అన్నాడు పెద్దవాడు. మూడేళ్లలో తమ్ముణ్ణి తిట్టకుండా అన్న మొదటి మాట. "రోడ్డు చివరిదాకా వెళ్లొద్దాం. రేపు ఇంటి అమ్మకం కాగితాల మీద సంతకాలు పెట్టేద్దాం."

"రేపెందుకు? సాయంత్రమే పెట్టేస్తే నీ మొహం మళ్లీ చూడక్కర్లేదు."

"నెమ్మదిగా వెళ్లండిరా," అంది అమ్మ గుమ్మంలోంచి. "పల్లం దగ్గర జాగ్రత్త."

గేటు దగ్గర బ్రేకు తొక్కితే కారు బుద్ధిగా ఆగింది. "చూశావా నా డిస్కులు?" అన్నాడు చిన్నవాడు. పల్లం మొదలైంది. పల్లం చివర రాతిగోడ. రెండోసారి తొక్కేసరికి పెద్దవాడి పాదం నేలదాకా దిగిపోయింది. మళ్లీ తొక్కాడు. మళ్లీ తొక్కాడు.

గోడ వచ్చి మీద పడింది.

పెద్దవాడి కుడికాలు పెడళ్ల మధ్య విరిగింది. చిన్నవాడు నుదుటి నెత్తురు తుడుచుకుంటూ చుట్టూ తిరిగొచ్చి, తలుపు తీసి, అన్నను సగం బయటికి లాగాడు. బానెట్ ఎగిరిపోయిన చోట బ్రేకు పైపు నట్టు వదులై ఆయిలు ధారగా కారుతోంది. ఇద్దరూ చూశారు.

"నట్టు బిగించలేదు కదరా!"

"బిగించాను! నా పిల్లల మీదొట్టు!"

సీటు కింది జాకీ రాడ్డు పెద్దవాడి చేతికొచ్చింది. ఒకే దెబ్బ. చిన్నవాడి మోకాలిచిప్ప పెంకులా పగిలింది. కూలబోతూ వాడు తలుపు పట్టుకుని, బయటికి వేలాడుతున్న ఆ విరిగిన కాలి మీదే ధన్‌మని వేశాడు. తీసి మళ్లీ వేశాడు. నలుగురు పరుగెత్తుకొచ్చి పట్టుకుంటే గానీ విడిపోలేదు.

ఆసుపత్రిలో నర్సు వాళ్లకు వేర్వేరు గదులు చూపించింది.

"ఒకే గదిలో వెయ్యండమ్మా," అంది అమ్మ.

"చంపుకుంటారమ్మా వీళ్లు!"

"లేవలేరుగా."

డాక్టరు ఎక్స్‌రేలు వెలుతురుకు పట్టి చూసి, ఆరు వారాలు ఇద్దరూ మంచం దిగడానికి వీల్లేదన్నాడు. కారు సంగతి అడిగేవాళ్లే లేరు. దాని పని మళ్లీ మొదటికొచ్చింది.

"నీ గురకతో చస్తున్నాను," అన్నాడు చిన్నవాడు గోడవైపు తిరిగి.

"చావు," అన్నాడు పెద్దవాడు.

రెండు మంచాల మధ్య స్టూలు మీద కూర్చుని అమ్మ నారింజపండు వలుస్తోంది. ఒక తొన ఈ చేతిలో, ఒక తొన ఆ చేతిలో పెడుతోంది.

ఆరు వారాలు అని వేళ్ల మీద లెక్కపెట్టుకుని, శనివారం తను ఆ నట్టును అర చుట్టు వదులు చేసి ఆపకుండా ఇంకో పావు చుట్టు వదులు చేసి ఉంటే మూడు నెలలు దక్కేవి కదా అనుకుంది.