బుజ్జిగాణ్ణి యమునలో వదిలిన రాత్రి

అక్వేరియంలో పాచి తింటుందని కొన్న సకర్ చేప మూరెడు పెరిగింది. "నేనో, మీ బుజ్జిగాడో తేల్చుకోండి" అంది సాయిసుధ. అందుకే ఆవిడ భర్త భరద్వాజ్ రాత్రి పదకొండింటికి మూత బకెట్ పట్టుకుని యమున ఒడ్డుకొచ్చాడు. ఇలాంటి పరాయి చేపల్ని వదిలితే నదిలో ఉన్న చేపలు బతకవని మొన్న ఆదివారమే అపార్ట్‌మెంట్ పిల్లలకు ఉపన్యాసం దంచాడు. ఒంటిమీద ఇప్పుడూ ఆ 'యమునను కాపాడుదాం' టీషర్టే ఉంది.

చుట్టూ ఎవరూ లేరు. నీళ్ల మీద మోకాలి ఎత్తున తెల్లటి నురగ. బకెట్ వంచాడు. బుజ్జిగాడు నురగలోకి జారిపోయాడు. నీళ్లలో పడ్డ చప్పుడు మాత్రం రాలేదు. చెవులు రిక్కించి చాలాసేపు నిలబడ్డాడు. అయినా రాలేదు.

మూత బిగించి, బకెట్ వెనక సీట్లో పడేసి, కారు స్టార్ట్ చేశాడు. ఫోన్ మోగింది.

"వదిలేశారా?"

"వదిలేశా. వచ్చేస్తున్నా."

"మరి ఆ టపటపా చప్పుడేంటండీ?"

"ఏసీ అయ్యుంటుంది."

ఏసీ వెయ్యలేదు. గ్రేటర్ నోయిడాలో ఇల్లు చేరేదాకా అతను అద్దంలోకి కూడా చూడలేదు.

ఇంటికొచ్చేసరికి బకెట్ రెండు చేతులతో మోయాల్సినంత బరువెక్కింది. సాయిసుధే మూత తీసింది. ఒళ్లంతా నురగతో బుజ్జిగాడు. వాడి వెనక, ఢిల్లీ చూడ్డానికొచ్చిన చుట్టాల్లా సర్దుకుని కూర్చున్న మరో ముగ్గురు. నలుగురూ ఆమెనే చూస్తున్నారు.

"ఎన్నాళ్లుంటారట?" అంది సాయిసుధ, గొంతు తగ్గించి.