మూడు వేణ్ణీళ్ళు, ఒక చన్నీళ్ళు

"ఉడుకుతుండగా అది పగిలిపోతే?" అంది కరుణమ్మ.

అప్పటికింకా స్టవ్ కూడా వెలిగించలేదు. గొర్రె పొట్ట సింకులో తడి తువ్వాలులా ముడుచుకుని పడుంది.

"పగలదమ్మా. మధ్యమధ్యలో సూదితో గుచ్చితే చాలట," అంది కూతురు నవోమి. ఏడో నెల కడుపు కౌంటరుకి తగలకుండా పక్కకి తిరిగి నిలబడింది.

"తిన్నవాళ్ళకి పడకపోతే? అల్లుడి ఆఫీసువాళ్ళే ఎనిమిదిమంది. అసలే కార్ల కంపెనీల్లో మనుషుల్ని తీసేస్తున్నారంటున్నావు. వీళ్ళింట్లో తిని జబ్బు పడ్డామంటే ముందు అతన్నే తీసేస్తారు."

"హ్యాగిస్ పెట్టినందుకు ఎవరి ఉద్యోగమూ పోదులే."

స్కాట్లాండ్‌లో జనవరిలో వాళ్ళ కవిగారి పుట్టినరోజుకి ఈ హ్యాగిస్ లేకుండా విందు ఉండదట. గొర్రె పొట్టని సంచిలా చేసి, గుండెకాయ, కార్జం, ఓట్స్, ఉల్లిపాయలు, మిరియాలు కూరి ఉడకబెడతారు. అక్కడి నుంచి తెచ్చుకుందామంటే అమెరికాలోకి రానివ్వరు. అందుకని అల్లుడు డంకన్, వీళ్ళుండే ట్రాయ్ ఊరి నుంచి డియర్‌బోర్న్ దాకా మంచులో డ్రైవ్ చేసి, అరబ్బుల మాంసం కొట్లో ఈ పొట్ట పట్టుకొచ్చాడు. అంతా స్కాట్లాండ్ నుంచి వచ్చిన వాళ్ళమ్మ ఫ్లోరా కోసం. ఆవిడ వచ్చి మూడు వారాలైంది.

కరుణమ్మ వచ్చి ఐదు వారాలు. ఆమె కోసం ఎవరూ మంచులో ఎక్కడికీ వెళ్ళలేదు.

నవోమి తన బైబిల్లోంచి నాలుగు మడతల రూళ్ళ కాగితం తీసింది. ఇంగ్లీషులో ఉంది. కరుణమ్మ చదివింది తెలుగులో ఐదో తరగతి. అత్తగారి వంట కాగితాన్ని వాక్యం పక్కన దాచుకుందన్నమాట.

"ముందు ఉప్పూ నిమ్మకాయా పెట్టి రుద్దాలి," చదివింది నవోమి. "తిరగేసి కత్తి వీపుతో గీకాలి. ఆపైన మూడు వేణ్ణీళ్ళు, ఒక చన్నీళ్ళు."

కరుణమ్మ చేతులు ఒక్క క్షణం ఆగాయి. కాకినాడలో బోటి కడగడానికి తనూ అంతే చేసేది. గొర్రె ఎక్కడైనా గొర్రే కదా అనుకుంది. అయినా మనసు చివుక్కుమంది. తనకి బాగా వచ్చిన పని అదొక్కటే. అదీ ఆవిడకి వచ్చు.

ఆదివారం చర్చి నుంచి రాగానే తను పెరట్లో బోటి కడుగుతుంటే, ఇదే నవోమి గుమ్మంలో కూర్చునేది. ఒక చేత్తో ముక్కు మూసుకుని, రెండో చేత్తో హోంవర్కు రాసుకునేది. "వాసన పడకపోతే లోపలికి పోవే" అంటే కదిలేది కాదు. తనని వెక్కిరించడానికే అక్కడ కూర్చుందని కరుణమ్మకి ఒళ్ళు మండేది. ఇప్పుడు అత్తగారి పండగనేసరికి ఏ వాసనా రావట్లేదు.

ఫ్లోరా స్టూలు మీద కూర్చుని పసిబిడ్డకి టోపీ అల్లుతూ కరుణమ్మ చేతులనే చూస్తోంది. ఏదో అంది. నవోమి నవ్వింది.

"ఏమంటోంది?"

"నీ చేతులు భలే స్పీడంటోంది."

"అంటే సరిగ్గా కడగట్లేదనా?"

"అమ్మా, నీకో దండం."

ఆస్పత్రిలో పురిటిగదిలోకి భర్త కాక ఇంకొక్కరినే రానిస్తారట. ఆ ఒక్కరెవరో నవోమి ఇంకా చెప్పలేదు. ఫ్లోరా అయితే డాక్టరుతో గలగలా మాట్లాడుతుంది. తనకి ఆ డాక్టరు పేరు పలకడమే రాదు.

సాయంత్రం నవోమి తల్లి చేతికి సూది ఇచ్చి తయారవడానికి వెళ్ళింది. గిన్నెలో పొట్ట ఉబ్బుతోంది. కరుణమ్మ ముందుగదిలోకి తొంగిచూసింది. నవోమి గళ్ళ శాలువా కప్పుకుని ఉంది, ఫ్లోరా తెచ్చిందే. తను తెచ్చిన ఉప్పాడ చీర బీరువాలోంచి బయటికే రాలేదు. ఫ్లోరా చెయ్యి నవోమి కడుపు మీద ఉంది.

కరుణమ్మ సూది పక్కన పెట్టేసింది. పగలనీ. ఆవిడ వంట ఆవిడ కళ్ళముందే ముక్కలవనీ.

గిన్నె మూత టకటకమంది. పగిలితే ఏడ్చేది ఫ్లోరా కాదు, నవోమి. కరుణమ్మ గబగబా సూది తీసి నాలుగుచోట్ల గుచ్చింది.

"పళ్ళెం నువ్వే పట్టుకురా," అంది నవోమి, అందరూ వచ్చాక. "వండినవాళ్ళే తేవాలట."

"వండింది నువ్వు కదా. నేను జారవిడిస్తే?"

"నన్ను బరువులెత్తొద్దన్నారుగా. పద."

లాప్‌టాప్‌లోంచి సన్నాయిలాంటి పాట మొదలైంది. కరుణమ్మ అడుగుపెట్టగానే అందరూ లేచి నిలబడ్డారు. అందరికంటే ముందు ఫ్లోరా లేచింది. డంకన్ ఆ కవిగారి పద్యం చదివి హ్యాగిస్‌లోకి కత్తి దించాడు. ఆవిరి, మిరియాల ఘాటు గదంతా కమ్ముకున్నాయి. ఫ్లోరా ఒక ముద్ద తిని కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ వడ్డించుకుంది.

తన వంట తనే తిని మురిసిపోతోందనుకుంది కరుణమ్మ. పళ్ళెం ముట్టకుండా వంటింట్లోకి వచ్చేసింది. వెనకే నవోమి వచ్చింది.

"తినకుండా వచ్చేశావేంటమ్మా?"

"పురిటిగదిలోకి ఆవిడనే తీసుకెళ్ళు," అంది కరుణమ్మ గిన్నె తోముతూ. "ఆవిడకి మాటా వచ్చు, వంటా వచ్చు. నేను ఏ మూలో కూర్చుని ప్రార్థన చేసుకుంటాను. ఒక్కటి మాత్రం అడిగి చెప్పు. ఆ మూడు వేణ్ణీళ్ళ లెక్క మా అత్తగారు నాకు చెప్పింది. మీ అత్తగారికెవరు చెప్పారు?"

నవోమి కౌంటరు మీది రూళ్ళ కాగితం తీసి, తడి తుడిచి, పాత మడతల మీదే మళ్ళీ మడిచింది. ముందుగదిలో పాట ఆగిపోయింది. చప్పట్లు కూడా అయిపోయి స్పూన్ల చప్పుడు మిగిలింది. కాగితం బైబిల్లో పెట్టి, తల్లి సబ్బు చెయ్యి పట్టుకుని తన కడుపు మీద పెట్టుకుంది.

"ఆ కాగితం నిన్ను చూసే రాసుకున్నానమ్మా, ముక్కు మూసుకుని."