ఏనుగు కుమ్మిన గోడ

పాత కోటల ఊళ్లన్నీ బైకు మీద ఒంటరిగా చుట్టేస్తున్న పెద్దావిడ ఈ కోటకు రావడం ఇది రెండోసారి. ద్వారం పక్కన పెచ్చులూడిన గోడ చుట్టూ జనం మూగి ఉన్నారు.

"పట్టపుటేనుగు కుమ్మిన గోడండీ! మా ముత్తాత కళ్లారా చూశాడు," అంటున్నాడు గైడు.

ఆవిడ గతుక్కుమంది. పోయినేడాది బ్రేకు పడక తను బైకుతో గుద్దింది ఆ గోడనే. ఎవరూ చూడలేదు కదా అని అప్పుడు పారిపోయింది. తేలు కుట్టిన దొంగలా బయటకు జారుకుంది.

బైకెక్కుతుంటే గైడు పరుగెత్తుకొచ్చాడు.

"ఆగండి పిన్నిగారూ! గుద్దింది మీరేగా? నేను చూశాను."

ఆవిడకు పై ప్రాణాలు పైనే పోయాయి.

గైడు గొంతు తగ్గించాడు.

"పక్క ఊరి కోటలో మా తమ్ముడు గైడు. అక్కడ గోడలన్నీ భేషుగ్గా ఉన్నాయి, చూడ్డానికి నరపురుగు కూడా రావట్లేదు. ఎలాగూ అటే వెళ్తున్నారుగా, మీ ఏనుగుతో వాడి గోడను కూడా ఓసారి కుమ్మేసి వెళ్లండి. పుణ్యముంటుంది!"